కుంటిన ఆరు వారాలు

ఓడిపోవడం అతని ఉద్యోగం. ఇరవై మూడేళ్లు ఆ ఉద్యోగం ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా చేశాడు.

కుస్తీ కంపెనీలో గెలిచేవాళ్లకి కొదవ లేదు. కండలుండాలి, జుట్టుండాలి, చెయ్యెత్తి జనం వైపు తిరిగినప్పుడు పళ్లు మెరవాలి. అంతే. ఓడిపోయేవాడు దొరకడమే కష్టం. పడటంలో ఒక పద్ధతి ఉంది. గడ్డం ఛాతీకి ఆనించాలి. ఊపిరి వదిలెయ్యాలి. వీపంతా ఒకేసారి రింగు చెక్కకి తగలాలి, అదే క్షణంలో రెండు అరచేతులూ పక్కన ఫట్‌మని మోగాలి. చప్పుడు ఎంత పెద్దదైతే దెబ్బ అంత చిన్నది. చూసేవాళ్లకి ఇది తలకిందులుగా తెలుసు, కంపెనీకి ఆదాయం అక్కడే.

రింగులో అతని పేరు గండ్రగొడ్డలి. గుండు మీద ఎర్ర గీతలు, నల్ల లాగు, రిఫరీ అటు తిరగ్గానే ఎదుటివాడి కళ్లు పొడిచే దొంగబుద్ధి. తోటివాళ్లు గొడ్డలన్నా అంటారు. "పదును లేదు గానీ కాడ గట్టిది" అని రిఫరీ ఎగతాళి చేసేవాడు. రిఫరీ పాతికేళ్ల స్నేహితుడు. బావా అని పిలుస్తాడు, ఏ వరసా లేకపోయినా.

ఈ పనిలో బయటివాళ్లకి తెలియని ఒక అలవాటుంది. పట్టులో ఉన్నప్పుడు, జనం గొంతు చించుకుంటున్నప్పుడు, మీద ఉన్నవాడు కింద ఉన్నవాడి చేతిని రెండుసార్లు నొక్కుతాడు. బాగున్నావా అని. కిందవాడు ఒకసారి నొక్కాలి. బాగున్నాను అని. ఒకణ్ణొకడు చంపుకుంటున్నట్టు కనిపించే ఇద్దరు మధ్యమధ్యలో ఇలా క్షేమం కనుక్కుంటారని ఎవరికీ తోచదు. పదకొండేళ్లుగా అతన్ని బాగున్నావా అని అడుగుతున్నది ఆ నొక్కుడు ఒక్కటే. ఆ సంగతి అతను ఎప్పుడూ అనుకోలేదు. అనుకుంటే మర్నాడు రింగులోకి దిగడం కష్టమయ్యేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటలో అతని ప్రత్యర్థి కంపెనీ ఛాంపియన్. అద్దం ముందు నుంచి ఓ పట్టాన కదలడు కాబట్టి వెనకాల అందరూ వాణ్ణి పెళ్లికొడుకు అంటారు. పెళ్లికొడుకు అతన్ని తలకిందులుగా ఎత్తి పడేశాడు, మీద పడి మెడ చుట్టూ చెయ్యి బిగించాడు. తర్వాత ఏమైందో ఏమో, వదిలేసి లేచి నిలబడ్డాడు. మొహం తెల్లగా పాలిపోయింది. హాలంతా గొణుగుడు.

రిఫరీ వంగి, పెదాలు కదపకుండా అడిగాడు. "బావా, ఉన్నావా, పోయావా?"

"ఉన్నాను. వాడికేమైంది?"

"నీకేమైంది? మూడు విడతలు నొక్కాడట. జవాబు లేదట."

"ఎప్పుడు నొక్కాడు?"

రిఫరీ మొహంలో ఆట పోయింది. గండ్రగొడ్డలి తన ఎడమ చెయ్యి వైపు చూసుకున్నాడు. అది చాప మీద, ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువులా పడి ఉంది.

డాక్టరు స్కాన్ ఫిల్మును దీపం పలక మీద పెట్టి, మెడ ఎముకలు రెండు నరాన్ని ఎలా నొక్కుతున్నాయో పెన్ను చివరతో చూపించాడు. ముందు రెండు వేళ్లు మొద్దుబారతాయి, ఆ తర్వాత చెయ్యంతా. ఇంకొక్కసారి మెడ మీద పడితే లేచే పని ఉండదు. ఆపరేషన్ తప్పదు. అయ్యాక ఆరు వారాలు మెడకి పట్టీ. తల తిప్పకూడదు, వంగకూడదు.

"స్నానం దగ్గర్నుంచి ఎవరైనా చూసుకోవాలి. ఇంట్లో ఎవరున్నారు?"

"ఉన్నారు."

"గురువారం పొద్దున ఎనిమిదింటికి వాళ్లని తీసుకుని రండి. సంతకం కావాలి."

ఇంట్లో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంచం ఉన్నాయి. అవి సంతకం పెట్టవు. రిఫరీ తను వస్తానన్నాడు. "మా ఆవిడ గొణుగుతుంది. గొణగనీ. ఆవిడకీ పని ఉండాలి కదా."

"ఎందుకురా, మా ఆవిడ ఉందిగా."

రిఫరీ టీ కప్పు కింద పెట్టాడు. "ఏ ఆవిడ?"

"కాగితాల మీద ఇంకా ఉంది."

"బావా, కాగితాలు మంచినీళ్లు పట్టుకురావు."

సంతకానికి ఎవరైనా చాలు. ఆరు వారాలకి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవచ్చు కూడా. ఇవన్నీ అతనికి తెలుసు. తెలిసీ మంగళవారం మధ్యాహ్నం గీతలు కడిగేసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఫిల్ములున్న పెద్ద కవరు చంకలో పెట్టుకుని బయల్దేరాడు. మనిషి తన కోరికకి అవసరం అని పేరు పెట్టుకున్నాక ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆమె ఉండేది కర్టెన్ల దుకాణం పైన. కింద గుడ్డ కత్తిరించేవాళ్లు, పైన కుట్టే గది. మధ్యలో నిటారుగా పంతొమ్మిది చెక్కమెట్లు. మెట్లకి ఒకవైపే కమ్మీ, ఎక్కేటప్పుడు కుడిచేతి వైపు.

తలుపు తీసే ఉంది. ఆమె తలెత్తలేదు. మిషను కింద పొడుగాటి నీలం గుడ్డ పాకుతోంది.

"ఎవరు?"

"నేను."

మిషను ఆగింది. మళ్లీ నడిచి, కుట్టు చివరిదాకా వెళ్లి, అప్పుడు నిజంగా ఆగింది. ఆమె దారం తెంపి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంది.

"ఆ గుడ్డలు పక్కన పెట్టి కూర్చో."

వెళ్లిపోయేనాటికి ఆమె అతన్ని మీరు అనేది. ఇప్పుడు నువ్వు అంది. అతనికి ముందు సంతోషం వేసింది, దగ్గరితనం కాబోలని. కూర్చున్నాక అర్థమైంది. మర్యాద కూడా ఒక బంధమే. ఆమె దాన్ని ఎప్పుడో విప్పి మడతపెట్టి ఎక్కడో పెట్టేసింది.

"గుండు మీద గీతల్లేవే?"

"సెలవు పెట్టాను."

"రాక్షసులకి సెలవులిస్తారా?"

"చచ్చాక ఇస్తారు. నేను ముందే అడిగాను."

ఆమె నవ్వలేదు. పెదవి ఒక మూల కదిలింది, అంతే. అతను ఆ మూలనే చూస్తూ వచ్చిన సంగతి చెప్పాడు. వేళ్లు, మెడ, గురువారం, సంతకం, పట్టీ. ఆరు వారాలు అన్న మాట దగ్గర గొంతు తగ్గించాడు. తగ్గించినా ఆ మాట గదిలో పెద్దగానే వినిపించింది.

ఆమె ఫిల్ము తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంది. వెలుతురులో అతని మెడ ఎముకలు బూడిదరంగు గుడ్డ మీద పువ్వుల్లా కనిపించాయి.

"నీదేనా?"

"పేరు రాసి ఉందిగా."

"పేరు రాయడం ఎంతసేపు."

"నేనెందుకు అబద్ధం ఆడతాను?"

అప్పుడు నవ్వింది. పైకే నవ్వింది. కింద ఎవరో కత్తెర ఆపి విన్నట్టు అనిపించింది.

పదకొండేళ్ల కిందటి సంగతి ఇది. పెద్ద పోటీలో ఇనుప కుర్చీతో అతని మోకాలు విరగ్గొట్టారు. అంటే, విరగ్గొట్టినట్టు చేశారు. మళ్లీ వచ్చి పగ తీర్చుకునే పోటీ మీద కంపెనీ ఆశలన్నీ పెట్టుకుంది. ఓనరు పిలిచి చెప్పాడు. కాలు విరిగినవాడు వీధిలో తిన్నగా నడవకూడదు. ఇంట్లో కూడా నడవకూడదు. "మీ బావమరిది క్షౌరశాలలో పనిచేస్తాడు కదయ్యా. వాడి చెవిలో పడితే ఊరందరి తలల్లోకీ ఎక్కుతుంది. కాబట్టి మీ ఆవిడకీ చెప్పకు."

ఈ వృత్తిలో రహస్యం అంటే రహస్యమే. అతను ఇంటికి కుంటుతూ వెళ్లాడు. ఆమె అప్పట్లో రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో నలభైమంది మీద సూపర్‌వైజరు. సెలవు పెట్టింది. సెలవు పొడిగించింది. ఫ్యాక్టరీలో ఆమె కుర్చీలో ఇంకెవర్నో కూర్చోబెట్టారు. వేడినీళ్ల సంచీ, పట్టీ, మందు, మంచం దగ్గరికే భోజనం. తలుపు దాకా వెళ్లడానికి భుజం ఇచ్చేది. ఆ భుజం మీద బరువు వేయాలి, వేయకపోతే అనుమానం వస్తుంది. అతను లెక్కగా బరువు వేసేవాడు.

"ఆ కాలు సంగతి," అన్నాడు ఇప్పుడు, "నీకు తర్వాత మీ తమ్ముడు చెప్పాడు కదూ?"

"వాడా? వాడు ఇప్పటికీ నువ్వు కుంటివాడివనే అనుకుంటున్నాడు."

"మరి?"

ఆమె కుట్టిన గుడ్డని మడత పెడుతూ మాట్లాడింది. మడతలు సరిగ్గా కుదిరేదాకా ప్రతి మాటా ఆగి ఆగి వచ్చింది.

"మూడో వారం. బుధవారం. గొడుగు మర్చిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాను. కిటికీలోంచి చూశాను. నువ్వు బీరువా జరుపుతున్నావు. ఒక్కడివే. దాని వెనకాల నాణెమేదో పడిపోయింది కాబోలు. ఈల వేసుకుంటూ జరుపుతున్నావు."

అతని చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లూ తన ఊళ్లు తిరిగే బతుకు పడక వెళ్లిపోయిందని అనుకున్నాడు. ఆ కారణానికి అలవాటు పడ్డాడు. దాని మీద తల పెట్టుకుని నిద్రపోయాడు.

"అడగలేదేం?"

"చెప్తావని. ఇవాళ చెప్తావు, రేపు చెప్తావు అనుకున్నాను. మూడు వారాలు ఏమీ లేని కాలికి వేడినీళ్లు పెట్టాను. ఒకరోజు కావాలని పట్టీ గట్టిగా బిగించాను. అమ్మా అని అరిచావు. ఎంత బాగా అరిచావో! నాకు నవ్వొచ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను."

"అందుకే వెళ్లిపోయావా?"

"ఉహుఁ. అబద్ధాలాడే మొగుళ్లతో ఎంతమంది కాపురాలు చెయ్యడం లేదు? ఆ తర్వాత నీకు జ్వరం వచ్చింది, గుర్తుందా? నుదుటి మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది. ఉన్నా నా చేతిని నేను నమ్మలేకపోయాను. పరిగెత్తి వెళ్లి థర్మామీటరు కొనుక్కొచ్చాను. నూట రెండు. అప్పుడు కూర్చుని ఆలోచించాను. కట్టుకున్నవాడి ఒంటి వేడికి గాజుగొట్టం సాక్ష్యం కావాలంటే ఇక ఇక్కడ నాకేం పని అని."

కింద ఎవరో కొలతలు అరిచి చెబుతున్నారు. ఎనిమిదిన్నర, రెండు మడతలు, ఎనిమిదిన్నర.

ఆమె మిషను మీది డబ్బాలోంచి సూది తీసింది. "ఎడమ చెయ్యి ఇటివ్వు. కిటికీ వైపు చూడు."

అతను ఇచ్చాడు. కిటికీ అవతల ఎదురింటి డాబా మీద దుప్పటి ఆరేసి ఉంది. గాలికి అది ఉబ్బి మళ్లీ అణిగేదాకా చూశాడు.

"అయిపోయింది."

చిటికెన వేలి కొన మీద రక్తపు చుక్క నిలిచి ఉంది. అతనికి ఏమీ తెలియలేదు. తెలియనందుకు గెలిచినంత ఆనందం వేసింది. "చూశావా! నిజంగా నాకు తెలియనే లేదు!"

ఆమె ఆ చుక్క వైపు చాలాసేపు చూసింది.

"మొహం మారలేదు, నిజమే. కానీ నొప్పి లేనప్పుడు అరవడం నీకు వచ్చు. నొప్పి ఉన్నప్పుడు ఊరుకోవడమూ వచ్చు. రెండూ వచ్చినవాడి దగ్గర సూది ఏం చెప్తుంది?"

గుడ్డపీలిక చింపి వేలికి చుట్టింది. ముడి వేసేటప్పుడు, పాత అలవాటు కొద్దీ, గట్టిగా ఉందా అని కళ్లతో అడిగింది. ఆ వెంటనే కళ్లు దించుకుంది.

అతనికి ఒక మాట చెప్పాలనిపించింది. దానివల్ల తన పని చెడుతుందని తెలుసు. ఇంతవరకూ తప్పు ఓనరు మీదికి తోసేయడానికి వీలుంది. ఆ మాట చెబితే ఆ వీలు కూడా పోతుంది.

"ఆరో వారం కంపెనీది కాదు," అన్నాడు.

"అంటే?"

"ఓనరు అయిదు వారాలు చాలన్నాడు. ఇంట్లో చెప్పుకో, పరవాలేదు అన్నాడు. ఆరో వారం నా అంతట నేనే కుంటుతూ తిరిగాను."

ఆమె చేతులు ఆగాయి. "దేనికి?"

మాటలు వెతికాడు. రింగులో అతని పాత్రకి మాటలుండవు, గర్జనలే. "నువ్వు సాయంత్రం ఆరింటికి వేడినీళ్ల సంచీ తెచ్చి, మంచం చివర కూర్చునేదానివి. కాలు ఒళ్లో పెట్టుకునేదానివి. ఫ్యాక్టరీ కబుర్లు చెప్పేదానివి. కాలు నయమైపోతే మళ్లీ..."

ఆమె కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది.

"అడిగితే, కాలు బాగున్నా తెచ్చేదాన్ని," అంది.

అతనికి ఈ జవాబు ఒక్కటీ ఎప్పుడూ తట్టలేదు. ప్రేమ దెబ్బకి ప్రతిఫలంగా వస్తుందనే అతను బతికాడు. దెబ్బ తగిలితేనే చూస్తారు, పడితేనే లేస్తారు కుర్చీల్లోంచి. చిన్నప్పుడు ఇంట్లో కూడా అంతే. జ్వరం వచ్చిన పిల్లాడికే పక్కన పడుకునే అమ్మ. ఒంట్లో బాగుండి ఊరికే అడగవచ్చని ఎవరూ చెప్పలేదు.

"గురువారం రాలేను," అంది ఆమె. గొంతులో కోపం లేదు. "నమ్మితే ఆరు వారాలు కాదు, ఆరేళ్లు చేస్తాను. నమ్మకుండా ఒక్కపూట కూడా చెయ్యలేను. ఒకసారి చేశాను, అది నా వల్ల కాదని తెలిసింది. నువ్వు చెప్పేది నిజమేనేమో. నిజమైతే నన్ను క్షమించు. నాలో ఆ నరం తెగిపోయింది."

అతను తల ఊపాడు. కవరు తీసుకుని లేచాడు.

దిగేటప్పుడు కమ్మీ ఎడమచేతి వైపు వస్తుంది. పట్టుకున్నాననే అనుకున్నాడు. పట్టుకోలేదని ఆ చెయ్యి అతనికి చెప్పలేదు. ఏడో మెట్టు దగ్గర కాలు మడత పడింది.

ఆ తర్వాత జరిగిందాంట్లో అతని ప్రమేయం లేదు. ఇరవై మూడేళ్లు ఒంటికి నేర్పిన చదువు. గడ్డం ఛాతీకి అతుక్కుంది. ఊపిరి దానంతటదే బయటికి పోయింది. భుజం ఒక మెట్టుకి, నడుము ఒక మెట్టుకి పంచుకుంటూ గుండ్రంగా దొర్లి, కింద నేల మీద వీపంతా ఒకేసారి పడ్డాడు. అరచేతులు ఫట్‌మని మోగాయి. దుకాణమంతా అదిరింది. ఇంత చక్కగా అతను రింగులో కూడా ఎక్కువసార్లు పడలేదు.

గుడ్డ కత్తిరించేవాడు కత్తెర వదిలేసి చప్పట్లు కొట్టాడు. "ఓరి! గండ్రగొడ్డలి రోయ్! నేను ముందే అన్నానా, ఎక్కేటప్పుడే పోల్చాను! అన్నా, ఇంకొక్కసారి అన్నా!" పక్కవాడు ఈల వేశాడు.

పైన తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. అతను వెల్లకిలా పడి ఆమెను తలకిందులుగా చూస్తున్నాడు. ఆ కళ్లలో ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న అతనికి బాగా తెలుసు. మొదటి వరసలో కూర్చున్నవాళ్ల కళ్లలో వేలసార్లు చూశాడు. నిజమా, ఉత్తదా?

ఒక్క మూలుగు చాలు. పెద్దది కాదు, పళ్ల మధ్య నలిగే రకం. కాలి మడమ ఒకసారి నేలకి రాసుకోవాలి, లేవబోయి పడిపోవాలి. ఎలా చేస్తే ఆమె మెట్లు దిగి పరిగెత్తుకొస్తుందో అతని ఒంట్లోని ప్రతి కండకీ తెలుసు. పైగా ఈసారి అబద్ధం కూడా కాదు. ఉన్న నిజాన్నే నటించాలి. మూలుగు గొంతు దాకా వచ్చి, తలుపు తీయమని తట్టింది.

మింగేశాడు.

నటించి నమ్మిస్తే ఆమె వస్తుంది. ఆరు వారాలూ ఉంటుంది. కానీ ఆమె చూసుకునేది ఆ మూలుగుని. దాని పక్కన తను మళ్లీ ఒంటరిగా పడుకోవాలి, బీరువా వెనకాల నాణెంలాగా.

కుడిచెయ్యి నేలకి ఆనించి మెల్లగా లేచాడు. చప్పట్లు తడబడి ఆగిపోయాయి.

"దెబ్బ తగిలిందా?" పైనుంచి ఆమె అడిగింది.

"వీపు నొప్పిగా ఉంది. చెయ్యి సంగతి తెలీదు."

చప్పగా వచ్చింది ఆ మాట. అతనికే నమ్మబుద్ధి కాలేదు. నిజం చెప్పేటప్పుడు గొంతు ఎక్కడ పెట్టాలో అతను ఏనాడూ సాధన చెయ్యలేదు.

ఆమె ఒక మెట్టు దిగింది. అక్కడే ఆగింది. చెయ్యి కమ్మీ మీద ఉంది. అతను ఎదురుచూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ, వంగి కవరు తీసుకున్నాడు.

"చూసుకుని వెళ్లు," అంది ఆమె.

వీధిలోకి వచ్చి, బస్సు స్టాపులో సిమెంటు బల్ల మీద కూర్చుని రిఫరీకి ఫోన్ చేశాడు.

"గురువారం ఎనిమిదింటికి నువ్వే రావాలిరా."

"రానందా? నేనోసారి వెళ్లి మాట్లాడనా? నేను చెప్తే..."

"వద్దు. నువ్వు నమ్మించడం మొదలుపెడతావు."

"సరే బావా. ఏడున్నరకే వస్తాను," అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకున్నాక కాళ్లలో వణుకు మొదలైంది. పక్కన తాళాలు బాగుచేసేవాడు పనిముట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతని వైపు రెండుసార్లు చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"ఏమైంది పెద్దాయనా, ఒంట్లో బాలేదా?"

"మెట్ల మీంచి పడ్డాను. మెడలో నరం పోయింది. ఎల్లుండి కోస్తారు. భయంగా ఉంది."

"అయ్యో! మెడంటే మాటలా! మా పిన్ని కొడుక్కి కూడా ఇలాగే..." అంటూ తాళాలవాడు మొదలుపెట్టాడు. ఫిల్ము అడగలేదు. వేలికున్న పీలిక వైపు చూడలేదు. చెప్పింది చెప్పినట్టు నమ్మేసి, తల అడ్డంగా ఊపుతూ, పిన్ని కొడుకు ఎలా కోలుకున్నాడో, ఇప్పుడు సైకిలు కూడా ఎలా తొక్కుతున్నాడో అంతా చెప్పాడు. కానివాళ్లు ఎంత తేలిగ్గా నమ్ముతారో అనుకున్నాడు అతను. వాళ్లకి నమ్మడానికి ఖర్చేమీ లేదు. తన మాట నమ్మడానికి ఆమె దగ్గర ఎంత నమ్మకం మిగలాలో, తాను ఎంత తీసేసుకున్నాడో, మొదటిసారి కొలతకి అందింది.

"ధైర్యంగా ఉండండి," అని తాళాలవాడు వచ్చిన బస్సెక్కి వెళ్లిపోయాడు. అతను ఎక్కాల్సిందీ అదే బస్సు. కాళ్లు సహకరించలేదు.

బల్ల మీద ఇంకెవరూ లేరు. వణుకు మోకాళ్ల నుంచి తొడల్లోకి పాకింది. దాన్ని దాచే పని లేదు, పెంచే పని లేదు. వణకనిచ్చాడు.